విదేశంలో చదివే పిల్లలకు డబ్బు పంపేవారికి హెచ్చరిక: ‘సర్వీస్ చార్జీ సున్నా’ అన్న మాటను నమ్మి మేము నష్టపోయాము

పరాయి దేశంలో చదువుకుంటున్న పిల్లలకు ఫీజులూ ఖర్చుల డబ్బూ పంపే తల్లిదండ్రులకు మాకు జరిగిన నష్టం జరగకూడదని ఇది రాస్తున్నాను. మా అమ్మాయి రెండో వాయిదా ఫీజును ఒక ప్రైవేటు నగదు బదిలీ సంస్థ ద్వారా పంపించి, రసీదు చేతికి వచ్చింది కదా అని నిశ్చింతగా ఉన్నాము. పన్నెండు రోజుల తరువాత కళాశాల లెక్కల విభాగం నుంచి అమ్మాయికి ఈమెయిలు వచ్చింది. ఫీజులో కొంత తక్కువ పడిందని, గడువు దాటిపోయినందున ఆలస్య రుసుము వేశామని, బకాయి తీరేవరకు తరువాతి సెమిస్టరు నమోదును నిలిపివేశామని అందులో ఉంది. తక్కువ పడినది ఎంతో అని కంగారుపడి చూస్తే, మొత్తం ఫీజుతో పోల్చితే అది చాలా చిన్న మొత్తం. అయినా పూర్తిగా జమ కాని ఫీజును కళాశాల లెక్క చెల్లించని ఫీజుగానే చూపిస్తుంది.

సంస్థను ఎంచుకున్నది నేనే. ‘విద్యార్థులకు సర్వీస్ చార్జీ సున్నా’ అన్న ప్రకటన చూసి వెళ్లాను. కౌంటరులో ఉన్న ఉద్యోగిని, ‘దారిలో ఇంకేమైనా కోతలు ఉంటాయా?’ అని అడిగాను కూడా. ‘మా వైపు నుంచి ఏమీ ఉండవండీ’ అని ఆయన జవాబిచ్చారు. ఆ జవాబులోని మొదటి మూడు మాటలను నేను అప్పుడు పట్టించుకోలేదు. కోత పడేది వాళ్ల వైపు నుంచి కాదు, దారిలో. ఆ విషయం ఆయనకు తెలియదని నేను అనుకోను, ఎందుకంటే నేను సంతకం చేసిన దరఖాస్తులో ఆ కోతకు అంగీకరిస్తున్నట్టు ముందుగానే టిక్కు పెట్టి ఉంది.

డబ్బు ఎలా వెళుతుందో అర్థమైతే ఈ కోత ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. స్విఫ్ట్ ద్వారా పంపుతున్నామని అందరూ అంటారు కానీ, 1973లో బెల్జియంలో ఏర్పడిన స్విఫ్ట్ డబ్బును మోయదు. ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు చెల్లింపు సందేశాన్ని మాత్రమే చేరవేస్తుంది. పంపే బ్యాంకుకు, అందుకునే బ్యాంకుకు మధ్య నేరుగా ఖాతాలు లేనప్పుడు, ఇద్దరికీ ఖాతాలున్న మధ్యవర్తి బ్యాంకు ఒకటో రెండో నడుమ నిలబడి డబ్బును ముందుకు నడిపిస్తాయి. ఆ పనికి అవి తీసుకునే రుసుమును ఎవరు భరించాలన్నది దరఖాస్తులో మూడు సంకేతాలలో ఒకదానితో నిర్ణయమవుతుంది. ‘ఓయూఆర్’ అని ఉంటే ఖర్చులన్నీ పంపేవారివి. ‘ఎస్‌హెచ్‌ఏ’ అని ఉంటే మన బ్యాంకు ఖర్చు మాత్రమే మనది, మిగిలినవి చేరే డబ్బులో నుంచి కోతపడవచ్చు. ‘బీఈఎన్’ అని ఉంటే అన్నీ అందుకునేవారి మీదే పడతాయి. మా దరఖాస్తులో ఉన్నది రెండోది. ఇంటి ఖర్చులకు పంపేటప్పుడు దానివల్ల పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. చివరి పైసా వరకు లెక్క సరిపోవలసిన కళాశాల ఫీజుకు మాత్రం అది సరైన ఎంపిక కాదు.

బకాయి తీర్చడానికి వెంటనే ఆ చిన్న మొత్తాన్ని అదే సంస్థ ద్వారా మళ్లీ పంపించడం మా రెండో పొరపాటు. మధ్యవర్తి బ్యాంకు రుసుము సాధారణంగా పంపే మొత్తాన్నిబట్టి మారదు, ఒక్కో బదిలీకి ఇంత అని ఉంటుంది. కాబట్టి మొదటిసారి ఎంత పోయిందో రెండోసారీ అంతే పోయింది, పంపినదంతా దాదాపు ఆ కోతకే సరిపోయింది. చివరకు అమ్మాయి తన నెల ఖర్చుల డబ్బులో నుంచి బకాయి, ఆలస్య రుసుము కట్టి నమోదు తెరిపించుకుంది. ఆ నెల తను ఎలా గడిపిందో మాకు చాలా రోజులవరకు చెప్పలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా బాధపెట్టినది అదే.

కోత సంగతి కనీసం బయటపడింది. మారకపు రేటు దగ్గర మేము పోగొట్టుకున్నది అంతకంటే చాలా ఎక్కువ, దానిని ఎవరూ ఈమెయిలు పంపి చెప్పలేదు. బ్యాంకులు తమలో తాము పెద్ద మొత్తాలలో కరెన్సీని కొని అమ్ముకునే ధరలకు నడిమి రేటు ఒకటి ఉంటుంది. ఏ రోజు చూసినా ఇంటర్నెట్‌లో దొరికేది అదే. మాకు వేసిన రేటును ఆనాటి నడిమి రేటుతో పోల్చి చూస్తే తేడా సుమారు 3 శాతం వచ్చింది. అంటే 10,000 విలువైన విదేశీ కరెన్సీకి మేము 10,300 విలువ చెల్లించాము. సర్వీస్ చార్జీ సున్నా అని చెప్పిన సంస్థ తన ఆదాయాన్ని రేటులోనే కలుపుకుంది, రసీదులో ‘చార్జీలు’ అన్న గడిలో మాత్రం సున్నా వేసింది. స్థిరమైన చార్జీ తీసుకుని నడిమి రేటుకు దగ్గరగా ఇచ్చే మరో సంస్థలో పంపించి ఉంటే, ఆ చార్జీ కలిపినా మాకు తక్కువే అయ్యేది. ఈ లెక్కను నేను నష్టపోయిన తరువాత కాగితం మీద వేసుకున్నాను. మీరు సంతకానికి ముందే వేసుకోండి.

పంపిన డబ్బును వెనక్కి రప్పించుకుని వేరే దారిలో పంపుదామా అని కూడా ఆలోచించాము. కానీ వెనక్కి వచ్చే విదేశీ కరెన్సీని సంస్థ అమ్మకపు రేటుకు కాక తన కొనుగోలు రేటుకు మారుస్తుంది. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి తేడా భరించవలసి వస్తుంది. మధ్యవర్తి బ్యాంకు రుసుము మళ్లీ వేరు. పేరులోనో ఖాతా సంఖ్యలోనో తప్పు ఉండి డబ్బు తిరిగి వచ్చినా ఇదే జరుగుతుంది. అందుకే వివరాలను అమ్మాయి చేత రాయించి, కళాశాల ఇచ్చిన చెల్లింపు పత్రంతో ఒక్కో అక్షరం సరిచూడడం నాకు ఇప్పుడు అలవాటైంది. బ్యాంకు గుర్తింపు కోడ్ 8 లేదా 11 అక్షరాలే ఉంటుంది. ఐబ్యాన్ అనే అంతర్జాతీయ ఖాతా సంఖ్యను వాడే దేశాలలో ఆ సంఖ్య గరిష్ఠంగా 34 అక్షరాలు, మొదటి రెండు దేశాన్ని సూచిస్తే తరువాతి రెండు అంకెలు సరిచూసుకోవడానికి ఉంటాయి కాబట్టి, టైపు చేయడంలో జరిగే పొరపాట్లు చాలావరకు అక్కడే పట్టుబడతాయి. అయితే వేరొకరిదైన సరైన ఐబ్యాన్ రాస్తే ఆ అంకెలు దానిని పట్టుకోలేవు. అలాగే విద్యార్థి గుర్తింపు సంఖ్యను సందేశం గడిలో రాయకపోతే, డబ్బు కళాశాల ఖాతాకు చేరి కూడా ఎవరి పేరున జమ చేయాలో తెలియక అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇదే సంస్థ మాకు విద్యార్థుల ప్రీపెయిడ్ కార్డును కూడా అంటగట్టింది, దాని గురించి కూడా చెప్పాలి. కార్డులో నింపిన కరెన్సీలో కాకుండా మరో కరెన్సీలో కొంటే మార్పిడి రుసుము ఉంది, ఏటీఎంలో తీసిన ప్రతిసారీ ఒక రుసుము ఉంది, కొన్ని నెలలపాటు వాడకపోతే మిగిలిన డబ్బులో నుంచి నెలనెలా కోత ఉంది. ఈ మూడూ కార్డుతోపాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో, కంటికి ఆనని అక్షరాలలో ఉన్నాయి. కౌంటరులో ఒక్కటీ చెప్పలేదు. కార్డు వాడే పిల్లలందరికీ మరో మాట చెప్పి ఉంచండి. దుకాణంలోనో ఏటీఎంలోనో యంత్రం, ‘మీ సొంత దేశపు కరెన్సీలో చెల్లిస్తారా?’ అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీనే ఎంచుకోమని చెప్పండి. సొంత కరెన్సీలో మొత్తం కనిపిస్తే అర్థం చేసుకోవడం సులువే, కానీ ఆ మార్పిడి రేటును నిర్ణయించేది మన బ్యాంకు కాదు, ఆ యంత్రాన్ని నడిపేవారు. దానిలో వాళ్ల లాభం కలిసి ఉంటుంది.

డబ్బుకు ఇబ్బంది పడిన ఆ రోజుల్లోనే అమ్మాయికి ఇంకో ప్రమాదం ఎదురైంది. విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒకరు, ‘మీ ఇంట్లోవాళ్లు అక్కడ మా మనిషికి డబ్బు ఇస్తే, నేను ఇక్కడ మీ ఖాతాలో నడిమి రేటుకే వేస్తాను, ఏ చార్జీలూ ఉండవు’ అని సందేశం పెట్టారు. అమ్మాయి మమ్మల్ని అడిగింది కాబట్టి ఆగింది. ఆ ఖాతాలో పడే డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో మనకు తెలియదు. అది మోసంతో సంపాదించిన డబ్బైతే, దర్యాప్తులో ముందుగా స్తంభించేది అందుకున్న విద్యార్థి ఖాతా. తనకేమీ తెలియదని నిరూపించుకునే భారం పరాయి దేశంలో వీసా మీద ఉన్న పిల్లల మీద పడుతుంది. ఫీజును తగ్గింపు ధరకు కట్టిపెడతామనేవారి సంగతీ ఇంతే: దొంగిలించిన కార్డుతో కట్టి, మన దగ్గర నగదు తీసుకుని వెళ్లిపోతారు, కార్డు అసలు యజమాని ఫిర్యాదు చేయగానే ఆ చెల్లింపు రద్దయి ఫీజు మళ్లీ బకాయిగా నిలుస్తుంది. అధిక రుసుముల వల్ల పోయేది డబ్బే. ఈ దారిలో పోయేది చదువు.

కాబట్టి డబ్బు పంపే ముందు సంస్థను చార్జీ ఎంత అని అడగవద్దు. ‘ఇంత ఫీజు ఉంది, కళాశాల ఖాతాలో అక్కడి కరెన్సీలో సరిగ్గా ఇంతే జమ కావాలి, అందుకు నేను మొత్తం ఎంత ఇవ్వాలి?’ అని అడగండి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ఒక్క ప్రశ్నలో రేటూ చార్జీ దారిలోని కోతా అన్నీ వచ్చేస్తాయి, రెండు మూడు సంస్థలను పోల్చడమూ తేలికవుతుంది. ఓయూఆర్ పద్ధతిలో పంపమని దరఖాస్తు మీదే రాయించండి. కొన్ని కళాశాలలు తామే ఒక చెల్లింపు వేదికను ఏర్పాటు చేసి ఉంటాయి; దానిలోనూ ఇదే ప్రశ్న వేసి చూడండి, ఎందుకంటే కళాశాల చూపించినంత మాత్రాన రేటు మంచిదని అనుకోనక్కరలేదు. గడువుకు కనీసం పది పనిదినాల ముందు పంపండి, రెండు దేశాల సెలవులనూ లెక్కలోకి తీసుకోండి.

పంపిన రోజే స్విఫ్ట్ సందేశం ప్రతిని, అందులోని 36 అక్షరాల గుర్తింపు సంఖ్యను అడిగి తీసుకోండి. యూఈటీఆర్ అని పిలిచే ఆ సంఖ్యతో డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఉందో, ఎవరు ఎంత కోశారో మన బ్యాంకు చూడగలుగుతుంది. మాకు ఆ సంగతి తెలియక, డబ్బు ఎక్కడ తగ్గిందని సంస్థ కళాశాలనూ, కళాశాల సంస్థనూ చూపిస్తుంటే రెండు వారాలు తిరిగాము. చివరకు మా సొంత బ్యాంకులోని ఒక అధికారిణి ఆ సంఖ్య తెప్పించమని చెప్పారు; అది చేతికి వచ్చిన రోజునే కోసిన మధ్యవర్తి బ్యాంకు ఏదో తేలింది.

సంస్థకు నేను రాసిన ఫిర్యాదుకు, సంతకం చేసిన దరఖాస్తులో అన్నీ ఉన్నాయన్న జవాబు వచ్చింది. ముందుగా టిక్కు పెట్టిన గడి గురించి, కౌంటరులో చెప్పిన మాట గురించి అందులో ఒక్క ముక్కా లేదు. పై అధికారులకు మళ్లీ రాశాను, ఆలస్య రుసుమైనా ఇవ్వమని అడిగాను; ఇంకా జవాబు రాలేదు. నేను పైన చెప్పినలాంటి ప్రీపెయిడ్ కార్డు మీ పిల్లల దగ్గర వాడకుండా ఉంటే, అందులో మిగిలిన మొత్తాన్ని ఈ వారంలోనే ఖర్చు పెట్టించండి లేదా ఖాతాకు మార్పించి కార్డును మూసివేయించండి. మేము చూసేసరికి మా కార్డులో మూడు నెలల కోత అప్పటికే పడిపోయింది.