వేపుడుకు ఓలిక్ మేలా, లినోలిక్ మేలా?

నూనె ప్యాకెట్ వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల పట్టికలో మోనో, పాలీ అని రెండు రకాల అన్‌శాచురేటెడ్ కొవ్వుల అంకెలు కనిపిస్తాయి. మనం రోజూ వాడే నూనెల్లో మోనో అంటే దాదాపుగా ఓలిక్ ఆమ్లం, పాలీ అంటే ఎక్కువగా లినోలిక్ ఆమ్లం. ఆవనూనె లెక్క వేరు, దాన్ని పక్కన పెడదాం. ఈ రెండు కొవ్వు ఆమ్లాల్లోనూ 18 కార్బన్లే. ఓలిక్‌లో ద్విబంధం, అంటే రెండు కార్బన్ల నడుమ ఉండే జంట బంధం, ఒకటి; లినోలిక్‌లో రెండు.

మూకుడు దగ్గర పేచీ అంతా ఆ రెండో ద్విబంధంతోనే. రెండు ద్విబంధాల నడుమ ఇరుక్కున్న కార్బన్ తన హైడ్రోజన్‌ను తేలిగ్గా వదిలేస్తుంది, ఆ చోట ఆక్సిజన్ చేరుతుంది. పొయ్యి మీద ఇది మరీ జోరుగా సాగుతుంది. సన్‌ఫ్లవర్ నూనెలో వాయి మీద వాయి జంతికలు వేశాక మూకుడు అంచున పసుపురంగు బంక పేరుకుంటుంది చూడండి, పీచు అరిగేలా తోమినా ఊడదు. చెడిన నూనె అణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడితే వచ్చేది అదే. అవిసె నూనె కలిపిన పెయింట్ ఆరి బిగుసుకునేదీ ఇలాంటి రసాయనంతోనే. డబ్బాలో దాచిన చేగోడీలకు పాత నూనె కంపు పట్టడం కూడా ఈ ఆక్సిజన్ పనే.

మామూలు సన్‌ఫ్లవర్‌లో లినోలిక్ సుమారు 60 శాతం. వేరుశనగలో ఓలిక్ సగానికి దగ్గరగా, లినోలిక్ 30 శాతం అటూఇటూ. నువ్వుల నూనెలో రెండూ ఇంచుమించు సమానం. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ భాగస్వామ్యంతో వచ్చిన గిర్నార్ 4, గిర్నార్ 5 వేరుశనగ రకాల్లోనైతే ఓలిక్ 80 శాతం దాకా ఉంటుంది. అందుకే నా ఓటు వేపుడు వరకూ ఓలిక్‌కే.

అలాగని లినోలిక్‌ను విలన్‌ను చేయక్కర్లేదు. ఓలిక్‌ను ఒళ్లు తనంతట తాను తయారు చేసుకోగలదు, లినోలిక్‌ను చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. నెయ్యి, డాల్డా తగ్గించి ఆ చోట లినోలిక్ ఉన్న నూనె వాడితే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది కూడా. పోపుకు, కూరకు సన్‌ఫ్లవర్ వాడితే టెన్షన్ అక్కర్లేదు. కాగిన నూనెనే మళ్లీమళ్లీ కాచడమే వద్దు.

గానుగ పట్టించినంత మాత్రాన ఈ పాళ్లు మారవు, గింజలో ఉన్నదే నూనెలోకి వస్తుంది. సన్‌ఫ్లవర్‌లోనూ హై ఓలిక్ రకాలున్నాయి కాబట్టి, కొనేటప్పుడు ముందువైపు పువ్వు బొమ్మ కన్నా వెనకవైపు పట్టిక చూడండి.