గోపాలరావు తలుపు తట్టిన పన్నెండు విధాలు

నల్లగొండ క్లాక్ టవర్‌కు దగ్గరలోని ఒక అద్దె హాలులో గత ఆదివారం జరిగిన కథాప్రదర్శనకు టికెట్ 100 రూపాయలు. గురజాడ అప్పారావు 1910లో ప్రచురించిన ‘దిద్దుబాటు’ను, అంటే రాత్రి పొద్దుపోయి ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలినికి బదులు ఆమె రాసిన ఉత్తరం దొరకడం, చివరకు మంచం కింద నుంచి నవ్వు, గాజుల చప్పుడు వినిపించడం అనే కథను ఏ ఘట్టమూ మార్చకుండా, నలుగురు కళాకారులు 12 శైలుల్లో వినిపించారు.

వీటిలో ఒగ్గుకథ శైలికి సాటి లేదు. గోపాలరావు తలుపు తట్టిన ప్రతిసారీ డోలు మోగుతుంటే, పక్కనున్న వంతగాడు “ఇంత రాత్రి యాడికి పోయినవయ్యా?” అని నిలదీస్తుంటే, మా వెనుక వరుసలోని పెద్దాయన తానే దొరికిపోయినట్టు తల దించుకున్నారు. పోలీసు పంచనామా కూడా అంతే పదునుగా ఉంది: “సదరు మంచము క్రింద గాజుల శబ్దము వినబడినది, పంచుల సమక్షమున నమోదు చేయడమైనది.” బతుకమ్మ పాట వరుసలో చెప్పినప్పుడు ఆడవాళ్లు అడగకుండానే “ఉయ్యాలో” అందుకున్నారు.

టీవీ సీరియల్ అనుకరణ మాత్రం సాగదీతను వెక్కిరించబోయి తానే సాగింది. సేవకుడు రాముడి గడుసు మాటలను సగం శైలుల్లో మింగేయడం నాకు నచ్చలేదు. మైకు రెండుసార్లు మూగబోయింది. ఒగ్గుకథకు ఆ అవసరమే రాలేదనుకోండి. మూల కథను ముందుగా చదివి వెళ్లినవారికి 100 రూపాయలు పూర్తిగా గిట్టుబాటవుతాయి.