పలకకు ఫ్యాన్ ఎదురుగానా, పక్క నుంచా?

ఎండలు ముదిరితే చాలు, తిరుపతి ఇంజినీరింగ్ పిల్లలు, ఇంట్లో యాంప్లిఫయర్ కట్టుకునేవాళ్లు ఒకటే అడుగుతారు: "అన్నా, ట్రాన్సిస్టర్ల వేడి లాగడానికి బిగించిన అల్యూమినియం పలక కాలిపోతోంది. ఫ్యాన్ ఎదురుగా పెట్టేదా, పక్క నుంచా?"

పక్క నుంచి కొడితే గాలి పలకను ఒరుసుకుంటూ పోతుంది. ముందు తగిలే అంచు బాగా చల్లబడుతుంది. ఆపైన పోయేకొద్దీ వేడెక్కిన గాలి పొర మందమై, చల్లగాలిని పలక దాకా రానివ్వదు. గాలి సాఫీగా పారితే అంచుకు 5 సెం.మీ.లో అందే చలువ 20 సెం.మీ. దగ్గర సగమే. అందుకే ట్రాన్సిస్టర్ల వరసను గాలికి అడ్డంగా బిగించాలి. ఒకదాని వెనక ఒకటి పెడితే మొదటిదాని వేడి చివరిదాని నెత్తిన పడుతుంది.

ఎదురుగా కొడితే గాలి తగిలినచోట ఆ పొర పలచబడుతుంది. వేడి ఒకేచోట ఉంటే నా ఓటు దీనికే. తిరకాసల్లా ఫ్యాన్ నడుమే ఉంది. మోటార్ ఉండే ఆ గుండ్రటి భాగం ముందు గాలి దాదాపు ఉండదు. చాలామంది 120 మి.మీ. ఫ్యాన్ తెచ్చి, నడుమకు నడుమ కలిపి, పలకకు ఆనించి బిగిస్తారు. సరిగ్గా ట్రాన్సిస్టర్ దగ్గరే గాలి కరువు! అగరుబత్తి పట్టి చూడండి: రెక్కల ముందు పొగ ఎగిరిపోతుంది, మోటార్ ముందు అక్కడక్కడే సుడి తిరుగుతుంది. ఫ్యాన్‌ను కాస్త వెనక్కి, ఒక పక్కకు జరిపి రెక్కల గాలి వేడిచోట పడేలా బిగించండి. తగిలిన గాలి బయటికి పోయే దారీ వదలాలి. డబ్బాలో మూసేస్తే ఆ వేడిగాలే మళ్లీ ఫ్యాన్ వెనక్కి చేరుతుంది.

ఫ్యాన్‌ను తిప్పి గాలి లాగించడం కూడా కొందరు చేస్తారు. లాగినప్పుడు గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి బయట ఉన్న పలక మీద వేగం ఉండదు. వదిలేయండి.

ఇంకా జోరైన ఫ్యాన్ కొందామా అంటే, సాఫీగా పారే గాలి వేగం రెట్టింపైనా చలువ పెరిగేది 40 శాతం చిల్లర. రొద మాత్రం భరించలేం. పైగా గది గాలి కంటే చల్లగా పలకను ఏ ఫ్యానూ చేయలేదు. అదే ఫ్యాన్, అదే లోడ్: గది 27 డిగ్రీలున్నప్పుడు పలక 60 చూపిస్తే, మే మధ్యాహ్నం గది 42 అయ్యేసరికి దాదాపు 75 చూపిస్తుంది. టెన్షన్ పడి ఊడదీయకుండా, ముందు గది వేడి కూడా కొలిచి పక్కన రాసుకోండి.