సోలార్ పెట్టిన ఇంటికి నెట్ మీటరింగా, గ్రాస్ మీటరింగా: అనంతపురం నుంచి ఒక లెక్క

అనంతపురంలో ఎవరి ఇంటికైనా కరెంటు ఇచ్చేది ఏపీఎస్పీడీసీఎల్ అనే విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) ఒక్కటే కాబట్టి, మిద్దె మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకునేవారు తేల్చుకోవలసినవి ప్రధానంగా రెండే: బిల్లు నెట్ మీటరింగ్‌లోనా (మనం పంపిన యూనిట్లను వాడుకలోంచి తీసివేసేది), గ్రాస్ మీటరింగ్‌లోనా (పుట్టిన కరెంటంతా అమ్మివేసేది), ప్యానెళ్లు ఎన్ని కిలోవాట్లకు. మేము 2 కిలోవాట్లకు నెట్ మీటరింగ్ తీసుకున్నాము. నెలకు 300 యూనిట్ల వరకు వాడే ఇంటికి ఇదే మేలైన ఏర్పాటని నా అభిప్రాయం.

కారణమంతా శ్లాబులలోనే ఉంది. 2022లో సవరించిన గృహ టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు ధర 1.90 రూపాయలు, ఆపైన 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, అది దాటితే 9.75. నెట్ మీటరింగ్‌లో గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లలోంచి మనం పంపినవి తీసివేసి మిగిలినవాటికే బిల్లు వేస్తారు గనుక, సోలార్ ముందుగా కొట్టివేసేది ఖరీదైన పై శ్లాబు యూనిట్లనే. 300 యూనిట్లకు ఎనర్జీ చార్జీ సుమారు 1,673 రూపాయలు. కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయనుకుంటే, మొదటి కిలోవాటు నెలకు 926 రూపాయలు, రెండోది 600 రూపాయలు మిగులుస్తాయి. మూడోది తగ్గించేది 147 రూపాయలే. మిగులు యూనిట్లకు వచ్చేది ఏమైనా ఉంటే అది అదనం.

మాకు కొటేషన్ ఇచ్చిన ఒక సంస్థ ప్రతినిధి మాత్రం 3 కిలోవాట్లే పెట్టించుకోమని పట్టుబట్టారు. కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకంలో 78,000 రూపాయల సబ్సిడీ వస్తుందని పదే పదే చెప్పిన ఆయన, మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000 మాత్రమేనన్న విడి లెక్క చెప్పలేదు. అయితే రెండు ఏసీలతో ఎండాకాలం 500 యూనిట్లు దాటే ఇళ్లలో ఆ మూడో కిలోవాటు ఆ నెలల్లో కనీసం 816 రూపాయలు ఆదా చేస్తుంది. వారు నిశ్చింతగా పెట్టించుకోవచ్చు.

గ్రాస్ మీటరింగ్‌లో మన మిద్దె మీద పుట్టిన కరెంటంతా నిర్ణీత ధరకు డిస్కంకు వెళ్తుంది, వాడుకకు మామూలు బిల్లు వస్తుంది. పై లెక్క ప్రకారం నెట్ మీటరింగ్‌లో 2 కిలోవాట్లు మిగిల్చేది యూనిట్‌కు సగటున 6.36 రూపాయలు కాబట్టి, అంతకు మించి ఇస్తేనే అది నెట్ మీటరింగ్ కంటే లాభం. 2017లోనే కడప సోలార్ పార్కు వేలంలో యూనిట్ ధర 3.15 రూపాయలకు దిగిందని గుర్తుంచుకుంటే, ఇళ్లవారికి అంత ధర ఎవరిస్తారు?

కొత్త మీటరు తెరపై దిగుమతి, ఎగుమతి రీడింగులు ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి. బిల్లు రాగానే రెండింటినీ సరిచూసుకోవాలి. మన ఊరి దుమ్ముకు ప్యానెళ్లను తరచు కడగక తప్పదు, అదీ గాజు వేడెక్కకముందే, తెల్లవారుజామున. నీళ్ల ట్యాంకు నీడ ప్యానెళ్ల మీద పడకుండా చూసుకోవడం అంతకంటే ముఖ్యం.

అమ్మేవారు చాలామంది ముందుగా చెప్పని విషయం ఇంకొకటి ఉంది. లైన్ మీద పనిచేసే సిబ్బందికి ప్రమాదం జరగకుండా, గ్రిడ్ కరెంటు పోగానే బ్యాటరీ లేని సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. కోతల వేళ మిట్టమధ్యాహ్నం ఎండ ఎంత కాసినా ఫ్యాను తిరగదు కాబట్టి, ఇంట్లో ఉన్న పాత బ్యాటరీ ఇన్వర్టర్‌ను అమ్మివేయకుండా అలాగే ఉంచుకోవాలి.