తవ్వకాల కిట్ కొన్నాం, పొరలు మాత్రం తోటలో దొరికాయి

వేసవి సెలవులకి మా మేనల్లుడు అమలాపురం వచ్చాడు కదా అని ఆన్‌లైన్లో 'ఆదిమానవుల ఊరు' తవ్వకాల కిట్ తెప్పించాను, 649 రూపాయలు. ఇటుకంత సుద్ద దిమ్మ, ప్లాస్టిక్ ఉలి, చెక్క సుత్తి, కుంచె. వాడు రెండు గంటలు ఫోన్ ముట్టుకోలేదు, ఆ మేరకి డబ్బులు వచ్చేసినట్టే. హాల్లో మాత్రం పెట్టుకోకండి, సుద్దపొడి సోఫా దాకా ఎగిరి అమ్మ చేత ఇద్దరం తిట్లు తిన్నాం. ఉలి పది నిమిషాల్లో విరిగితే స్క్రూడ్రైవర్‌తో కానిచ్చాం.

లోపల రాతి గొడ్డలి, బుల్లి కుండ, ఎముక సూది, వాటి పక్కనే డైనోసార్ పన్ను! డైనోసార్లు పోయి 6.6 కోట్ల ఏళ్ళు, మన దక్షిణాదిలో నూరిన రాతి గొడ్డళ్ళు వాడిన పశువుల కాపరులది ఓ ఐదు వేల ఏళ్ళ కిందటి మాట. రెండూ ఒకే దిమ్మలో ఎలా కుక్కారో!

కుండ మూతి విరిగితే "మావయ్యా, ఇంక వేస్టేనా?" అన్నాడు. అసలు తవ్వకాల్లో దొరికేవి ఎక్కువ పెంకులేరా అని చెప్పాను. నాకు అసలు కోపం ఏంటంటే, దిమ్మంతా ఒకటే తెలుపు, పొరలే లేవు. నిజం తవ్వకంలో తాపీతో మట్టి గీకుతూ, రంగు మారిన చోట ఆగి, కొలిచి, బొమ్మ గీసి, తీసిన మట్టిని జల్లెడ పడతారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త బూడిద దిబ్బని తవ్వితే బంగారం ఏమీ రాలేదు. ఆ బూడిద పశువుల దొడ్డిలో పోగుపడ్డ పేడ మళ్ళీ మళ్ళీ కాలింది అని తేలింది, పశువుల గిట్టల అచ్చులు కూడా కనిపించాయి. గిట్టల అచ్చుని ఏ కిట్‌లో పెడతారు చెప్పండి?

మర్నాడు గోదావరి లంకలో మా తోటలో కొబ్బరి మొక్కకి గొయ్యి తీయిస్తుంటే గోడకి పొరలు కనిపించాయి, పైన ఒండ్రు, మధ్యలో జానెడు ఇసుక, కింద నల్లమట్టి. ఆ ఇసుక మేట 86 వరదదేనంటాడు నాన్న. వీడు టేపు పెట్టి కొలిచి నోట్‌బుక్‌లో గీసుకున్నాడు. ఇసుకకి పైనున్న ఒండ్రులో గోళీసోడా గోళీ దొరికితే దాని పక్కన "1986 తర్వాత, తాతయ్య చెప్పింది నిజమైతే" అని రాసుకున్నాడు.

కిట్‌కి రెండు స్టార్లు. చెక్క సుత్తి గట్టిదే, అమ్మ అల్లం దంచుకుంటోంది.