స్వాపినెస్ సెట్టింగూ, దాని కొత్త వివరణా: కొన్నేళ్లు వాడాక

కావలిలో మా డీటీపీ షాపులో ఉన్నవన్నీ పాత సిస్టమ్‌లే. 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్కు, లైనక్స్. పెళ్లిళ్ల సీజన్లో జింప్‌లో శుభలేఖ తెరిచి ఉండగానే ఫైర్‌ఫాక్స్‌లో ఎవరిదో హాల్ టికెట్ తీయాలి. ఎదురుగా కూర్చున్న పిల్లోడు "ఏందన్నా, హ్యాంగ్ అయిందా?" అంటాడు. ర్యామ్ చాలనప్పుడు అందులోని డేటాను డిస్కు మీదికి పంపడాన్ని స్వాప్ అంటారు. ఇలాంటి చోట పనికొచ్చే సెట్టింగు వీఎం.స్వాపినెస్ (vm.swappiness).

మామూలుగా 60 ఉంటుంది. ర్యామ్ 60 శాతం నిండితే స్వాప్ మొదలవుతుందని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది శాతమే కాదు. కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోని పాత వివరణ, కెర్నెల్ (లైనక్స్‌లో మెమరీని నడిపే మూల భాగం) ఎంత దూకుడుగా స్వాప్ చేయాలో చెప్పే అంకె అని, పెంచితే ఎక్కువ, తగ్గిస్తే తక్కువ అని రెండు ముక్కల్లో తేల్చేసేది. అది చదివితే ఎవరికైనా 10 పెట్టేద్దామనే అనిపిస్తుంది.

2020లో 5.8 కెర్నెల్‌తో పరిమితి 100 నుంచి 200కి పెరిగింది, వివరణనూ తిరగరాశారు. ఇప్పుడది ఖర్చు లెక్క: స్వాప్‌లోంచి తెచ్చుకోవడం ఖరీదా, ఫైలును డిస్కు నుంచి మళ్లీ చదవడం ఖరీదా? రెండూ సమానమైతే 100, స్వాప్ ఖరీదైతే తక్కువ, చవకైతే ఎక్కువ. నాకు నచ్చింది అందులోని ఉదాహరణ. ఫైళ్లున్న డిస్కు కన్నా స్వాప్ డిస్కు రెండింతలు వేగమనుకుంటే, ఎక్స్ ప్లస్ రెండు ఎక్స్ 200, అందులో రెండు ఎక్స్ అంటే 133, అదే సెట్టింగు. ఎనిమిదో తరగతి లెక్క, విషయం బుర్రకెక్కుతుంది.

ఆ తర్వాతే 10 ఎందుకు బెడిసికొడుతుందో కూడా తెలుస్తుంది. ఫైర్‌ఫాక్స్ ప్రోగ్రామ్ కోడ్ కూడా ఫైలు పేజీలే, అంటే డిస్కులోని ఫైలు నుంచి ర్యామ్‌లోకి చదివిన ముక్కలే. స్వాప్ వద్దని బిగిస్తే కెర్నెల్ ముందు వాటినే వదిలేస్తుంది, కాసేపటికి డిస్కు నుంచి మళ్లీ చదువుతుంది. మెమరీ లెక్కలు చూపే వీఎమ్‌స్టాట్‌ కమాండులో స్వాప్ గడులు దాదాపు సున్నాగానే ఉంటాయి, డిస్కు లైటు మాత్రం ఆరదు! హార్డ్ డిస్కు మీద నేను 60నే ఉంచాను. జీర్యామ్ (zram) పెట్టిన సిస్టమ్‌లో స్వాప్ అంతా ర్యామ్‌లోనే కుదించి ఉంటుంది కాబట్టి 150 పెట్టాను. శుభలేఖకీ బ్రౌజర్‌కీ మధ్య మారడం అక్కడ బాగా తేలికైంది. 100 దాటొచ్చని వివరణే చెబుతుంది.

ఒక్కటే లోటు. స్వాప్ ఎన్నింతలు వేగమో ఎలా కొలవాలో ఆ పేరాలో లేదు, మనలాంటి వాళ్లం అంకెలు మార్చి చూసుకోవాల్సిందే. 0 పెడితే స్వాప్ పూర్తిగా ఆగిపోదన్నది మాత్రం స్పష్టంగానే ఉంది: ఖాళీ పేజీలూ ఫైలు పేజీలూ కలిపి ఒక హద్దు కిందికి పడిపోతే అప్పుడు మొదలవుతుంది.

మార్చిన అంకెను సిస్‌కంట్రోల్.డి (/etc/sysctl.d) ఫోల్డర్‌లో ఒక ఫైలుగా రాసిపెట్టుకోండి. టెర్మినల్లో ఊరికే ఇచ్చింది రీస్టార్ట్‌తో పోతుంది, ఎండాకాలం మా వీధి కరెంటుకి రోజుకో రీస్టార్ట్ మామూలే.