బాబ్ మౌల్డ్, కిమ్ డీల్ కొత్త ఆల్బమ్‌లు: ఏది వినాలి, ఏది కొనాలి

తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సెక్కి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే, దిగేలోపు ఈ రెండు ఆల్బమ్‌లూ అయిపోతాయి. చెరి పదకొండు పాటలు. రెండూ కలిపి గంటా పది నిమిషాలు దాటవు. కిమ్ డీల్ ‘నోబడీ లవ్స్ యూ మోర్’ 2024 నవంబరులో వచ్చింది, బాబ్ మౌల్డ్ ‘హియర్ వీ గో క్రేజీ’ 2025 మార్చిలో. పాట కోసమైతే డీల్‌ది వినాలి. ముగ్గురు మనుషులు ఒక గదిలో కూచుని ఎంత మోత పుట్టించగలరో తెలియాలంటే మౌల్డ్‌ది. మన ఊళ్లో గిటారు, బేస్, డ్రమ్స్ జతచేసుకుని ఇప్పుడిప్పుడే బ్యాండు పెట్టిన ఇంజనీరింగ్ కుర్రాళ్లకు మాత్రం మౌల్డ్ ఆల్బమే పాఠ్యపుస్తకం.

వీళ్లెవరో తెలియనివాళ్లకు రెండు మాటలు. ఇద్దరూ అమెరికన్ రాక్ సంగీతకారులు. మౌల్డ్ 1979లో మొదలైన హస్కర్ డూ బ్యాండు గిటారిస్టు. 1984 నాటి ‘జెన్ ఆర్కేడ్’ ఆల్బమ్ వాళ్లదే. తర్వాత షుగర్ అనే బ్యాండు పెట్టి 1992లో ‘కాపర్ బ్లూ’ తెచ్చాడు. డీల్ పిక్సీస్‌లో బేస్ వాయించింది, ఆపైన బ్రీడర్స్ నడిపింది. 1993లో బ్రీడర్స్ పాట ‘కానన్‌బాల్’ మోగని చోటు లేదు. మౌల్డ్ సొంత పేరు మీద ఆల్బమ్ మీద ఆల్బమ్ తెస్తూనే ఉన్నాడు. డీల్‌కు మాత్రం అరవై మూడేళ్ల వయసులో ఇదే మొదటి సోలో ఆల్బమ్.

ఇద్దరినీ కలిపే చోటు ఒకటుంది: షికాగోలోని ఎలక్ట్రికల్ ఆడియో స్టూడియో. 2024 మేలో చనిపోయిన రికార్డింగ్ ఇంజనీరు స్టీవ్ అల్బినీ కట్టించుకున్నది. గోడలకు న్యూ మెక్సికో నుంచి మట్టి ఇటుకలు తెప్పించాడు. డ్రమ్ముల దగ్గరే కాకుండా దూరంగా నేల మీద కూడా మైకులు పెట్టి, గది పలికే చప్పుడును టేపుకెక్కించడం ఆయన పద్ధతి. డీల్ ఆల్బమ్‌లో కొన్ని పాటలు ఆయనే రికార్డు చేశాడు. మౌల్డ్ ఆల్బమ్ ఆ స్టూడియోలోనే రికార్డైనా, అందులో ఆయన చెయ్యి లేదు. అక్కడ ఇంజనీరు బో సోరెన్సన్. గది అదే అయినా వచ్చిన ఫలితాలకు పొంతన లేదు.

మౌల్డ్ వెనక వాయించేది జేసన్ నార్డ్యూసీ (బేస్), జాన్ వర్‌స్టర్ (డ్రమ్స్). ఏళ్లుగా ఇదే జట్టు. అందుకే ‘నియాండర్తల్’ లాంటి వేగం పాటలో కూడా ముగ్గురిలో ఎవరూ ఒకరి మీద ఒకరు పడరు. మౌల్డ్ పల్లవికి చాలా త్వరగా వచ్చేస్తాడు, వచ్చాక వదలడు. ‘వెన్ యువర్ హార్ట్ ఈజ్ బ్రోకెన్’ ఒకసారి వింటే నోట్లో ఆడుతుంది. చివరి పాట ‘యువర్ సైడ్’ మెల్లగా మొదలై ముదురుతుంది. నడుమ మూడు నాలుగు పాటలు మాత్రం ఒకే మూసలో పోసినట్టున్నాయి. గిటారు మోత మారదు, గొంతు కూడా అందులోనే మునుగుతుంది. ‘లాస్ట్ ఆర్ స్టోలెన్’ దగ్గర కాస్త ఊపిరి తీసుకోనిస్తాడు.

ఆ గిటారు గుట్టు డిస్టార్షన్‌లో (శబ్దాన్ని గరగరలాడించడంలో) కన్నా వదిలేసిన తీగల్లో ఉంది. మందపు తీగల మీద పవర్ కార్డు (రెండు స్వరాలను కలిపి పట్టే పట్టు) అటూ ఇటూ జరుగుతుంటే, సన్న తీగలు రెండూ (బి, ఇ) ఏ వేలూ తగలకుండా మోగుతూనే ఉంటాయి. మన కచేరీల్లో శ్రుతిపెట్టె చేసే పనే అది. ఇ, ఎ, బి కార్డుల మీద ఈ పద్ధతి హాయిగా నడుస్తుంది. ఎఫ్ కార్డు దగ్గరికొచ్చేసరికి ఆ రెండు తీగలూ కార్డుతో కొట్టుకుంటాయి. అక్కడ ఎడమచేతి వేలి కడుపుతో వాటిని మూసేయాలి, లేకపోతే శ్రుతి తప్పిందనుకుంటారు.

ఆ తీగల్ని మూయకపోవడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పైతే, రెండోది గెయిన్ (డిస్టార్షన్ ఎంత ఉండాలో తేల్చే గుండీ). హస్కర్ డూ రోజుల్లో మౌల్డ్ వాడిన పెడల్ ఎంఎక్స్ఆర్ డిస్టార్షన్ ప్లస్ అని తెలిసి, ఏ డిస్టార్షన్ పెడల్ దొరికితే అది కొని గుండీని చివరిదాకా తిప్పేస్తారు. అప్పుడు కార్డులోని స్వరాలు ముద్దైపోతాయి, డ్రమ్ము పడగానే గిటారు మాయమవుతుంది. గెయిన్ సగానికి తగ్గించి, మిడ్ (మధ్యస్థాయి శబ్దం) పెంచి, ఆ లోటును వాల్యూమ్‌తో పూడ్చుకోవాలి. పది వాట్ల చిన్న యాంప్‌ను (గిటారు స్పీకరును) నేల మీద పెడితే కింది స్థాయి శబ్దం గుబగుబలాడుతుంది. స్టూలెక్కించి చెవి ఎత్తుకు తేవాలి. కుడిచేయి అంతా కిందికి కొట్టే దెబ్బలే. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 120 దెబ్బల దగ్గర మొదలుపెట్టి, రెండు నిమిషాలు ఆగకుండా వాయించగలిగాకే ఐదు పెంచాలి. తొందరపడితే ముంజేయి బిగుసుకుని, రెండో చరణానికి వేగం జారిపోతుంది. డ్రమ్మర్‌ను తిట్టుకోవడం అక్కడే మొదలవుతుంది, పాపం అతని తప్పేం ఉండదు.

డీల్ ఆల్బమ్‌కు ఇలాంటి ఒక్క సూత్రం లేదు. అతుకుల బొంతే. ‘ఆర్ యూ మైన్’, ‘విష్ ఐ వాజ్’ 2011 నాటివి. మొదట ఆమె సొంతంగా వేసుకున్న చిన్న రికార్డుగా వచ్చాయి. చివరి పాట ‘ఎ గుడ్ టైమ్ పుష్డ్’ను 2022 నవంబరులో అల్బినీతో చేసింది. పదేళ్లకు పైగా పోగుపడిన సరుకు కాబట్టి పాటకో రంగు. టైటిల్ పాట వయొలిన్ల గుంపుతో తెరుచుకుంటుంది, ‘కోస్ట్’లో బూరలు, ‘క్రిస్టల్ బ్రెత్’లో గరగరమనే డ్రమ్ములు, ‘సమ్మర్‌ల్యాండ్’లో యుకులేలీ (నాలుగు తీగల బుల్లి గిటారు). ‘బ్యాట్స్ ఇన్ ది ఆఫ్టర్‌నూన్ స్కై’ పాట అనడం కన్నా విరామం అనాలి. ‘బిగ్ బెన్ బీట్’ మోత పక్క పాటలతో కలవదు. ఆల్బమ్‌లో తీసేయదగ్గది ఏదైనా ఉంటే అదే.

ఇంత కలగాపులగాన్నీ పట్టి ఉంచేది గొంతు. ‘ఆర్ యూ మైన్’ పుట్టుక తెలిసి వినాలి. మతిమరుపు జబ్బు ముదిరిన డీల్ తల్లి, ఇంట్లో ఎదురుపడిన కూతుర్ని ఆపి ‘నువ్వు నా బిడ్డవేనా’ అని అడిగింది. పాటలో ఆ సంగతి ఎక్కడా విప్పి చెప్పదు. తెలియనివాళ్లు ప్రేమపాట అనుకుని వినేస్తారు, అలా విన్నా చెడదు. మౌల్డ్ అయితే ఇదే బాధను గొంతు చించుకుని చెప్పేవాడు. ఇక్కడ లాలిపాట నడకలో, ఏ మాటా నొక్కకుండా పాడటం వల్లే గుచ్చుకుంటుంది.

డీల్ పాటల్లో ఒకే వరసను రెండు గొంతులు పాడినట్టు వినిపిస్తుంది. బ్రీడర్స్‌లో కవల సోదరి కెల్లీతో కలిసి పాడి పాడి వచ్చిన విద్య ఆ జంట గొంతు. ఇంట్లో ప్రయత్నించాలనుకుంటే పెద్ద సరంజామా అక్కర్లేదు. మైకుకు జానెడు దూరంలో నిలబడి ఒకే చరణాన్ని రెండుసార్లు పాడి, రెండోదాన్ని ఆరు డెసిబెల్స్ తగ్గించి కిందపెట్టాలి. మొదటిదాన్నే కాపీ చేసి అతికిస్తే గొంతు జంట కాదు, గట్టిపడుతుందంతే. రెండోసారి పాడేటప్పుడు స, ష అక్షరాలను సగం మింగేయాలి, లేకపోతే అవి రెండుచోట్లా ఒకేసారి పడక బుసకొట్టినట్టు వినిపిస్తాయి. శ్రుతి సరిచేసే ఆటోట్యూన్ జోలికి పోవద్దు. రెండు గొంతుల మధ్య ఉండే ఆ కొద్దిపాటి తేడాయే ఇందులో అందం.

వినేటప్పుడు ఫోన్లో బేస్ బూస్ట్, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేది), షఫిల్ మూడూ ఆపేయండి. మౌల్డ్ ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా దాదాపు ఒకే మోతతో సాగుతుంది. అందుకని దాని తర్వాత డీల్‌ది పెడితే చప్పగా అనిపిస్తుంది. డీల్‌ది ముందు వినండి. స్ట్రీమింగ్ యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ (పాటల వాల్యూమ్‌ను సమం చేసేది) ఆన్‌లో ఉంచితే మధ్యలో చెవులదిరే గెంతు ఉండదు. అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ మౌల్డ్‌కు చాలు. డీల్ వయొలిన్లు, జంట గొంతులు అందులో ఒకే ముద్దగా వస్తాయి, వాటికి ఇయర్‌ఫోన్లు కావాలి. మే నెలలో ఫ్యాన్ ఆపి పాట వినమనడం తిరుపతి వాళ్లకు శిక్షే గానీ, ఐదో నంబరులో తిరిగే ఫ్యాను కింద ‘ఆర్ యూ మైన్’ సగం వినపడదు.

కొనే విషయానికొస్తే, రెండూ సీడీగా, ఎల్పీగా (పెద్ద గ్రామఫోన్ రికార్డుగా) ఉన్నాయి. ఎల్పీ కొనేంత సరుకు డీల్ ఆల్బమ్‌లోనే ఉంది. కాకపోతే సూట్‌కేసు లాంటి చవక ప్లేయర్ మీద వేయకండి. వాటిలో చాలావాటికి సూది బరువు సర్దుకునే వీలు ఉండదు, ఆ బరువుకు గాళ్లు అరుగుతాయి. రికార్డు మధ్యకు వచ్చేకొద్దీ ఏ ప్లేయర్ మీదైనా శబ్దం పలచబడుతుంది. ఇలాంటివాటి మీద మరీ గీరుతుంది, ప్రతి పక్కా చివరి పాట పాడైపోతుంది. మౌల్డ్‌ది స్ట్రీమింగ్‌లో వింటే చాలు. ఆ మిగిలిన డబ్బుతో 10–46 (తీగల మందాన్ని చెప్పే కొలత) గిటారు తీగల సెట్లు రెండు తెచ్చిపెట్టుకోవడం మేలు. ఆ ఆల్బమ్‌తో పాటు వాయించడం మొదలుపెడితే సన్న తీగలు ఎలాగూ తెగుతాయి.